ఇరవై మూడో లైను

2006 జూన్ 4, ఆదివారం

ఈ డైరీ మా ఆయన ఆఫీసు నుంచి తెచ్చిండు. అట్ట మీద 2004 అని ఉంది. "తారీకులు దిద్దుకొని రాసుకో, సామాను చిట్టీలకు పనికొస్తది" అన్నడు. సామాను నాకు నోటికే వస్తది, దానికి డైరీ ఎందుకు. నా మాటలు రాసుకుంట.

ఏడో తరగతి దాక చదివిన. అప్పుడు నా దస్తూరి చూసి సారు మెచ్చుకునేటోడు. ఇప్పుడు అక్షరాలు మా ఓనరు ఎల్లయ్య తాత బర్రెల లెక్క పక్కకు పోతున్నయ్. రోజూ తోలితే అవే దారికొస్తయ్.

ఒక్క మాట ముందే రాసి పెడుతున్న. మా ఆయన పేరు ఇందుల రాయను. "నోట తీయొద్దు, చేత రాయొద్దు, మగని ఆయుష్షు తగ్గుతది" అని నాయనమ్మ పెండ్లినాడు చెప్పి పంపింది. నాయనమ్మ పోయి ఏడాదైంది గని, నా వెనక నిలబడి ఈ పేజీ చూస్తున్నట్టే ఉంది. ఆమెకు చదువు రాదు, అయినా.

జూన్ 7

మా ఆయన పని ఏందో ఇయ్యాల సగం సమజైంది. పెండ్లై ఏడాదిన్నర. ఊర్ల ఎవరన్న అడిగితే 'కంప్యూటర్ పని' అని తప్పించుకుంటున్న.

"నేను చేసేటోణ్ణి కాదు. చేసినోళ్ళ తప్పులు పట్టేటోణ్ణి" అన్నడు.

మా అత్తమ్మ లెక్కనా అని నోటి దాక వచ్చింది. బువ్వతో పాటు మింగిన.

ఇప్పుడు చూస్తున్నది దవాఖానల చీటీ ఇచ్చే మిషిన్ అట. అద్దం మీద వేలు పెడితే అక్షరం పడ్తది. చదువు రానోళ్ళ కోసం పడ్డ మాటను పైకి చదువుతది. దాన్ని చూసేటందుకు నలభై లైన్లు రాసుకున్నరు. ఒక్కో లైన్ల ఏం చేయాలె, చేస్తే ఏం కావాలె. అయితే పాస్. కాకుంటే ఫెయిల్. నడుమ అడ్డం వస్తే 'ఆగింది'. ఇంక చేయకుంటే 'చూడలే'. నలభై కలిపితే ఒక రన్. అన్ని చూసినంక రన్ మూస్తరు.

"మూస్తే ఏమైతది?"

"తాళం పడ్తది. అప్పటిదాక ఏం చూసినమో అదే నిలిచిపోతది. తర్వాత పాస్‌ను ఫెయిల్ చేయరాదు, ఫెయిల్‌ను పాస్ చేయరాదు. నేను గూడ."

"తప్పు రాసినమని తర్వాత తెలిస్తే?"

"మా సుచరిత మేడం ఒక్కతే తెరుస్తది. ఎవరు తెరిపించిన్రు, ఎందుకు తెరిపించిన్రు అన్నది గూడ అందుల పడ్తది. ఎప్పటికీ పోదు."

ఆ మాట అనేటప్పుడు గొంతు తగ్గించిండు. ఆర్నెల్లైంది ఆఫీసుల చేరి, ఇంక పర్మనెంటు కాలే. ఈ రన్ మంచిగ మూస్తే చేస్తమన్నరట.

జూన్ 8

చారు పాస్. వంకాయ కూర ఫెయిల్, అడుగంటింది. నల్లా నీళ్ళు ఆగినయ్. బట్టలు చూడలే. రన్ మూసిన.

జూన్ 14

పొద్దుగాల చాయ్ తాగుకుంట, "ఆఫీసుకు వస్తవా ఒక్కరోజు?" అన్నడు.

చదువు తక్కువున్న ఆడోళ్ళు ఇద్దరు కావాల్నట, ఒకరు తెలుగుకు, ఒకరు ఉర్దూకు. మిషిన్ వాళ్ళతోని అయితదా కాదా చూడాల్నట.

"నాకు సిగ్గు" అన్న.

"సిగ్గున్నోళ్ళే కావాలె. చురుకైనోళ్ళు మిషిన్ లేకున్నా చీటీ తీసుకుంటరు."

ఉర్దూకు ఎదురింటి ఖుద్సియా ఆపాను అడిగిన. నేను మాట ముగించక ముందే, "చలో, కబ్ జానా?" అని బుర్ఖా దులుపుతున్నది. వాళ్ళ అబ్దుల్ వాహెద్ భాయ్ దబీర్‌పురాల గడియారాలు బాగుచేస్తడు. (వేరేవాళ్ళ మొగుళ్ళ పేర్లు ఎన్నన్న రాయొచ్చు. దానికి నాయనమ్మ ఏం అనలే.)

జూన్ 17, శనివారం

ఇయ్యాల శాన రాయాలె.

గౌలిపుర నుంచి మలక్‌పేట దాక ఆటోల పోయినం. ఆపా దారంతా మాట్లాడుతనే ఉంది, నేను దారంతా కొంగు సదురుతనే ఉన్న. ఆఫీసు అంటే ఎంత పెద్దదో అనుకున్న. ఎనిమిది కుర్చీలు, ఒక కూలరు, మూలకు ఆ మిషిన్. గోద్రెజ్ బీరువా సైజు ఉంది.

సుచరిత మేడం గుంటూరు దిక్కు మనిషి. మా ఆయనను పేరు పెట్టి పిలిచింది. అందరి ముంగట అంత తేలికగ, గ్లాసు ఇయ్యమన్నట్టు. నేను గోడ దిక్కు చూసిన.

"రాజమణి గారూ, మీకేం పరీక్ష లేదండి. పరీక్ష మిషన్‌కి. మీకు రాకపోతే తప్పు దానిది" అన్నది. అందరూ బయటికి పోయి అద్దం తలుపు వెనక నిలబడ్డరు. లోపల నేను, ఆపా.

మొదటి లైన్లన్నీ మస్తు నడిచినయ్. 'తెలుగు' మీద వేలు పెట్టిన. నా పేరు ఒత్తిన. "రాజమణి" అని మిషిన్ పైకి అన్నది, ఆడగొంతే. భయమైంది, మంచిగ గూడ అయింది. వయసు. ఊరు. బస్తీ. ఇరవై రెండు లైన్లు.

ఇరవై మూడు. "మీ భర్త పేరు రాయండి" అన్నది మిషిన్.

నా వేలు అక్కడనే నిలిచింది.

ఆపా నా మొకం చూసింది. "క్యా హుఆ? అరే, నువ్వు గూడ తీయవా పేరు?" అన్నది. "నేను గూడ తీయ. పదమూడు ఏండ్లాయె, మున్నే కే అబ్బా, మా పిల్లగాని నాయన, అనే పిలుస్త."

ఇద్దరం మిషిన్ దిక్కు చూసినం. అది మళ్ళ అన్నది, "మీ భర్త పేరు రాయండి." అద్దం వెనక మా ఆయన చేతులు కట్టుకొని నిలబడ్డడు. పాపం, నా దిక్కే చూస్తున్నడు.

ఉపాయం ఆపాదే. "నువ్వు ఒత్తకు. వేలు చూపియ్, ఒత్తేది నేను." ఆమెకు తెలుగు అక్షరాలు రావు గద. మా వీపులు అడ్డం, అద్దం వెనకోళ్ళకు చేతులు కనబడవు. నేను అక్షరం ముంగట ఒక్క అంగుళం దూరంల వేలు ఆపిన, ఆపా ఆ అక్షరం ఒత్తింది. నేను రాయలే. ఆపా రాసింది గని ఏం రాసిందో ఆమెకు తెల్వదు. మిషిన్ ఆ పేరు పైకి చదివింది. నేను కండ్లు మూసుకున్న. చీటీ బర్రున వచ్చింది.

తర్వాత ఆపా వంతు. ఉర్దూ అక్షరాల మీద ఆమె వేలు చూపించింది, నేను ఒత్తిన. "అబ్దుల్ వాహెద్" అన్నది మిషిన్. ఆపా బుర్ఖాల మొకం దాచుకొని నవ్వు ఆపుకోలేక కిందికి కూసున్నది.

మేడం లోపలికొచ్చి, "చీటీ వచ్చిందా?" అన్నది. వచ్చిందన్నం. "ఇద్దరికీ?" ఇద్దరికీ.

ఇరవై మూడు పాస్.

మేం అబద్ధం చెప్పలే. చీటీ వచ్చింది.

జూన్ 30

రన్ మూసిన్రు. నలభైకి నలభై పాస్. మా ఆయన ఖోవా బర్ఫీ తెచ్చిండు. ఆపాకు సగం ఇచ్చొచ్చిన. ఎల్లయ్య తాతకు ఒక ముక్క ఇస్తే, "ఏంది సంగతి?" అన్నడు. "రన్ మూసిన్రు తాతా" అన్న. "మంచిది బిడ్డా, తలుపులు మూస్తే దోమలు రావు" అన్నడు.

ఆయన ఇయ్యాల ఈల వేసుకుంట స్నానం చేసిండు. ఎప్పుడు వేయడు.

జూలై 8

లెక్క పెట్టిన. మళ్ళ పెట్టిన. పన్నెండు రోజులు ఎక్కువున్నయ్.

ఎవరికీ చెప్పను. దవాఖానకు పోయి, డాక్టరమ్మ అవునంటేనే ఆయనకు చెప్త. ముందే చెప్పి, కాకపోతే ఆ మొకం నేను చూడలేను.

చింతకాయ తొక్కు మంచిగుంది. నాలుగుసార్లు వేసుకున్న.

జూలై 11, మంగళవారం

దవాఖాన పోయొచ్చిన. జనం మస్తు ఉండె. మిషిన్ ట్రయల్‌కు పెట్టిన్రు, దానికి పూల దండ గూడ వేసిన్రు. ఎండ ఎక్కువైంది, తల తిరిగింది, అందుకే చీటీ తీసుకోకుండ వాపస్ వచ్చిన. ఇంకోనాడు పోవచ్చు. తొందరేం లేదు.

దవాఖాన పాస్. చారు పాస్. రన్ మూసిన.

జూలై 12

ఎండ నిజంగనే ఎక్కువుండె.

జూలై 14

మబ్బు పట్టింది మూడు రోజుల నుంచి. పదకొండో తారీకు గూడ మబ్బే ఉండెనేమో. గుర్తు లేదు.

జూలై 18, మంగళవారం

మళ్ళ పోయిన. ఈసారి ఉన్నదున్నట్టు రాస్త.

ముందు కిటికీ దగ్గరికి పోయి రేషన్ కార్డు తీసిన. కార్డు చూపిస్తే కిటికీల మనిషి పేర్లన్నీ చూసి రాసుకుంటడు, ఎవరూ నోరు తెరిచే పని లేదు. ఇన్నేండ్లు అట్లనే నడిచింది. ఇయ్యాల ఆ మనిషి చాయ్ సాసర్ల పోసుకుంట, "మిషిన్ ఉన్నది గదమ్మా, ఆడ తీస్కో. పంద్రాగస్టు నుంచి ఈ కిటికీ ఉండదు" అన్నడు.

మిషిన్ ముంగట నిలబడ్డ. పేరు, వయసు, బస్తీ. "మీ భర్త పేరు రాయండి." ఎనకాల పదిమంది. నేను ఒత్తితే అది అందరికీ వినబడేటట్టు చదువుతది. నా చేతనే రాసినట్టు, నా నోటనే అన్నట్టు. నిలబడ్డ. ఒక నిమిషం ఊకుంటే మిషిన్ మొదటికి పోతది. నేను ఒత్తినవన్నీ పోయినయ్. "భాష ఎంచుకోండి" అన్నది, నన్ను ఎన్నడు చూడనట్టు. పోయిన మంగళవారం గూడ ఇదే అయింది. మూడుసార్లు. ఎండ కాదు.

పక్కకు జరిగిన. నా తర్వాత ఒకామె వచ్చింది, జహనుమా నుంచట. కడుపు ఏడో నెల ఉంటది. ఒక్కతే వచ్చింది. చదువొచ్చు, చకచక ఒత్తింది. ఇరవై మూడు దగ్గర నిలిచింది. నా లెక్కనే వేలు గాలిల పెట్టి. నిమిషం అయింది, మొదటికొచ్చింది. మళ్ళ ఒత్తింది. మళ్ళ నిలిచింది. లైన్ల ఒకడు, "రాకుంటే జరుగమ్మా, మాకు పనుల్లేవా" అన్నడు. ఆమె చెమట తుడుచుకొని, "రాక కాదన్నా" అన్నది. అంతకన్న ఏం చెప్తది.

నేను పోయి ఆమె పక్కన నిలబడ్డ. "అక్కా, నువ్వు వేలు చూపియ్, నేను ఒత్తుత" అన్న చెవుల. ఆమె నా దిక్కు ఎట్ల చూసిందో రాయడానికి నాకు మాటలు రావు. చీటీ వచ్చింది. తర్వాత ఆమె నాది ఒత్తాలె గద. అంతల దవాఖాన ఆయమ్మ వచ్చి ఆమెను లోపలికి తోలుకపోయింది.

నా చీటీ రాలే.

ఆమె పక్కన ఇయ్యాల నేనున్న. రేపు ఎవరుంటరు. ఆ కిటికీ మూస్తే ఒక్కతే వచ్చినామె ఎక్కడికి పోవాలె. ఆ మిషిన్ మీద 'పాస్' అని రాయించింది నేను, ఆపా.

జూలై 19

బోనాల కోసం సందు మొదట్ల మైకులు కడుతున్నరు. ఆపాకు అంతా చెప్పిన. ఆమె నవ్వి నవ్వి కండ్లు తుడుచుకున్నది. "మనం హుషారీ చేసి ఫెయిల్‌ను పాస్ చేసినం రాజమణి. మనం రాదు అనుంటే మంచిగుండు" అన్నది.

"ఇప్పుడు చెప్తే ఆయన పర్మనెంటు పోతదేమో ఆపా."

"నక్కో, చెప్పకు. ఔర్ వో జహనుమా వాలీ? ఆమె ఏం చేయాలె?"

సాయంత్రం పాలకు కిందికి పోయిన. ఎల్లయ్య తాత కొట్టం తలుపు మూసి గొళ్ళెం పెట్టి, మళ్ళ తీస్తున్నడు. ఒక దూడ బయటనే ఉండిపోయింది. దాన్ని లోపలికి తోలుకుంట నన్ను చూసి, "మీ ఆయన తలుపులు మూసిండంటివి గద, మంచిగ చూసే మూసిండా?" అన్నడు. తాతకు ఏం తెల్వదు, ఊకనే అన్నడు. నాకు బువ్వ తినబుద్ధి కాలే. తొక్కు మాత్రం తిన్న.

జూలై 20, గురువారం

చెప్పిన.

ఆయన తినేదాక ఆగి, చేతులు కడుక్కున్నంక, "ఇగో, వింటున్నరా" అన్న. నేను ఆయనను పిలిచేది అట్లనే. ఇరవై మూడో లైను సంగతంతా చెప్పిన. నాయనమ్మ మాట, వేలు చూపించింది, ఒత్తింది, నిమిషం అయితే మొదటికి పోయేది, ఆ జహనుమా ఆమె, పంద్రాగస్టు, కిటికీ. మధ్యల ఆపితే మళ్ళ చెప్పలేనని ఒక్క ఊపిరిల చెప్పిన.

ఆయన మొకం ఎర్రబడ్డది. "మూసినం గద రాజమణి. నలభైకి నలభై. మేడం సంతకం పెట్టింది, పైకి పంపింది. ఇప్పుడు తెరిపిస్తే నా పేరు పడ్తది అందుల. చూసుడు రానోడు చూసిండంటరు. ఆ రోజు ఒక్క మాట చెప్తే అయిపోవు గద."

"మీరంతా అద్దం వెనక నిలబడ్డరు. ఎట్ల చెప్పాలె?"

"నా పేరు ఒత్తనీకి ఏమైంది నీకు? నేను ఊర్లనే లేనట్టు?"

"ఊర్ల లేకుంటే ఒత్తుదునేమో" అన్న. నోరు జారింది.

ఆయన ఒకసారి చూసి నవ్వు ఆపుకున్నడు. నడుస్తనే ఉన్నడు, అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు. మా అర్రల అంతకన్న నడవరాదు. "ఏడాదిన్నర సంది 'ఇగో' అంటుంటే, నీకు నా పేరు నచ్చలేదనుకున్న. అడగబుద్ధి కాలే" అన్నడు. నాకు ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది. ఆ మనిషి మనసుల అంత పెట్టుకున్నడని నాకేం తెలుసు.

మళ్ళ నడిచిండు. "ట్రయల్ ఆడోళ్ళ వార్డు దగ్గర గద పెట్టింది. రెండుసార్లు పోయినవా. మిషిన్ చూడనీకి పోయినవా?"

నేను తిన్న గిన్నెలు సదురుడు మొదలుపెట్టిన.

నడిచేటోడు నిలబడ్డడు. "ఒక్క నిమిషం. నువ్వు దవాఖానకు ఎందుకు పోయినవ్?"

మిషిన్ లెక్కనే ఒక నిమిషం ఊకున్న. ఆయన మాత్రం మొదటికి పోలే, అక్కడనే నిలబడ్డడు. తర్వాత తొక్కు సీసా దిక్కు చూసిండు. సగానికి వచ్చింది సీసా.

మిగిలింది రాయను. ఇది నా డైరీనే గని, కొన్ని రాయరు.

జూలై 21

పొద్దుగాల ఆయనే చాయ్ పెట్టిండు. చక్కెర మర్చిపోయిండు. పాస్.

జూలై 22, శనివారం

ఆఫీసుకు పోయినం. మెట్ల దగ్గర, "నువ్వు బయట కూసో, నేను చెప్త" అన్నడు. సరే అన్న. ఆయన మేడం ముంగట నిలబడి, "మేడం, ఇరవై మూడు... అంటే యూజర్ బిహేవియర్... ఇన్‌పుట్ రాని కండిషన్‌ల..." అంటున్నడు. మేడం కనుబొమ్మలు దగ్గరికొస్తున్నయ్. ఇట్లైతే పొద్దుగూకుతదని నేను లేచి లోపలికి పోయిన. నా కాళ్ళే పోయినయ్.

"మేడం, మీరంతా బయటికి పోండి. ఆపా గూడ లేదు ఇయ్యాల. నేనొక్కదాన్నే ఒత్తుత, చూడుండి" అన్న.

అందరూ అద్దం వెనకకు పోయిన్రు. నేను ఒత్తిన. ఇరవై రెండు లైన్లు చకచక. ఇరవై మూడు దగ్గర చెయ్యి దించి నిలబడ్డ. "మీ భర్త పేరు రాయండి." నిలబడ్డ. "మీ భర్త పేరు రాయండి." కూలరు ఒక్కటే మోగుతున్నది. నిమిషం అంటే ఎంత పెద్దదో వాళ్ళకు గూడ తెల్వాలె. చివరకు, "భాష ఎంచుకోండి."

తలుపు తీసి మేడం వచ్చింది. కుర్చీల కూసున్నది.

"మరి ఆ రోజు చీటీ వచ్చిందన్నారు కదండీ?"

"వచ్చింది మేడం. ఎట్ల వచ్చిందని మీరు అడగలే."

చెప్పినంక భయమైంది. ఎక్కువ మాట్లాడిన్నేమో అని. మేడం నుదురు పట్టుకొని ఉన్నది, భుజాలు కదులుతున్నయ్. ఏడుస్తున్నదనుకున్న. నవ్వుతున్నది.

"మా నాన్నగారి పేరు రామచంద్రరావండి. మా అమ్మ గుడికెళ్ళినా దేవుడి పేరు తీయదు. 'ఆ సీతమ్మ గారి ఆయనకు దణ్ణం పెట్టుకో' అంటుంది నాతో. ఇరవై ఏళ్ళు విన్నాను. ఆ ఇరవై మూడో లైను రాసింది నేనే. నాకు తట్టలేదు చూడండి."

మా ఆయన, "రన్ అట్లనే ఉంచి, కొత్తది ఒకటి తెరుద్దామా మేడం? పాతదాన్ని ముట్టుకోకుండ" అన్నడు మెల్లగ. ఆయన పేరు పడకుండ ఉంటదని. నాకు సమజైంది, మేడంకు గూడ అయింది.

"కొత్తది ఎలాగూ తెరుస్తాం. కానీ పాత దాంట్లో అబద్ధం ఉంది కదా, దానికి తాళం వేసి పెట్టుకుంటామా?" అన్నది మేడం. "నా సంతకం కూడా ఉందండి అక్కడ. పడితే ఇద్దరికీ పడుతుంది."

కంప్యూటర్ల ఏదో ఒత్తి రన్ తెరిచింది. నేను గొళ్ళెం తీసినట్టు చప్పుడు వస్తదనుకున్న. ఏం రాలే. ఇరవై మూడు దగ్గర పాస్ అని ఆకుపచ్చ ఉండె, ఎర్రగ చేసింది. పాత పాస్ పోలే, కింద చిన్నగ ఉండనే ఉన్నది, ఆ తారీకుతోని. తర్వాత 'ఎందుకు తెరిచారు' అని ఒక డబ్బా వచ్చింది.

"మీరే చెప్పండి, రాస్తాను" అన్నది మేడం.

నేను చెప్పిన, ఆమె అదే రాసింది: భర్త పేరు తీయని ఆడామె ఒక్కతే వస్తే చీటీ రాదు. ఆ రోజు మేం ఇద్దరం ఉన్నం గనుక వచ్చింది.

"ఎవరు కనిపెట్టారు" అన్న దగ్గర మేడం చెయ్యి ఆగింది. పాత దాంట్ల నా పేరు లేదు, 'యూజర్ 1' అని ఉన్నది. మేడం మా ఆయన దిక్కు చూసింది. ఆయన, "రాజమణి" అన్నడు. గట్టిగనే అన్నడు, కూలరు చప్పుడు మీదికి వినబడ్డది.

నా పేరు పడ్డది. ఎప్పటికీ పోదట.

జూలై 23, ఆదివారం

బోనాలు. మైకులకు చెవులు పోయినయ్. ఆయన పర్మనెంటు సంగతి ఇంకో నెల తర్వాత చూస్తమన్నరట. "నెలే గద" అన్నడు. నేను ఇంకో గరిటె పరమాన్నం వేసిన.

మధ్యాన్నం ఈ డైరీ తీసి, జూలై 11 పేజీ మళ్ళ తెరిచిన. 'దవాఖాన పాస్' అని ఉన్నది. దాన్ని కొట్టేయలే. పక్కన చిన్నగ రాసిన: ఫెయిల్. తెరిచిన తారీకు జూలై 23. తెరిచింది రాజమణి. ఎందుకంటే ఆ రోజు ఎండ లేకుండె.

జూలై 29

మిషిన్‌ల కొత్త బటను పెడుతున్నరు, పేరు చెప్పనోళ్ళ కోసం. దాని మీద 'దాటవేయి' అని పెడ్దమని మా ఆయన అన్నడట. బటను బొమ్మ గీసిన కాయితం ఇంటికి తెచ్చి నాకు చూపించిండు.

"ఏం దాటాలె? మురికి మోరీనా?" అన్న.

"మరేం పెట్టాలె?"

"'లోపల చెప్త' అని పెట్టుండి. లోపల నర్సమ్మ కార్డు చూసి రాసుకుంటది. బయట అందరి ముంగట ఎందుకు."

ఆయన రాసుకున్నడు. ఇంకొకటి గూడ చెప్పిన, ఎవరి పేరైనా మిషిన్ పైకి చదవొద్దని. అది గూడ రాసుకున్నడు. నిమిషం చాలదు, మూడు కావాలని చెప్పిన. అప్పుడు పెన్ను కింద పెట్టి, "నువ్వు మా అమ్మకంటె ఎక్కువ తప్పులు పడ్తున్నవ్" అన్నడు.

ఆ మాట నేను అనలే, ఆయనే అన్నడు. ఇది రాసి పెట్టుకోవాలె.

ఆగస్టు 5, శనివారం

కొత్త రన్. నేనొకసారి, ఆపా ఒకసారి, వేరువేరుగ. నలభై మూడు లైన్లు ఈసారి. మేడం కొత్తవి మూడు కలిపింది, అందుల ఒకటి 'పక్కన ఎవరూ లేకుండా'.

ఆపా బయటికి వచ్చి, "దీంట్ల మజా లేదు, చీటీ ఊకనే వచ్చేసింది" అన్నది.

మేడం ఈసారి, "చీటీ వచ్చిందా?" అని అడిగి ఊకోలే. "ఎలా వచ్చింది?" అని గూడ అడిగింది.

రన్ మూసిన్రు. బర్ఫీ వద్దన్న, వాంతికొస్తున్నది. మిర్చి బజ్జీ తెచ్చిండు.

ఆగస్టు 16, బుధవారం

కిటికీకి నిన్ననే చెక్క కొట్టిన్రు. ఇయ్యాల ఆయన సెలవు పెట్టి నా ఎంబడి వచ్చిండు గని, మిషిన్ దగ్గరికి రావొద్దన్న. బయట వేపచెట్టు కింద నిలబడ్డడు.

పేరు. వయసు. బస్తీ. "మీ భర్త పేరు రాయండి, లేదా లోపల చెప్త అని ఒత్తండి." ఒత్తిన. ఎనకాల ఎవరూ జరుగమనలే. చీటీ బర్రున వచ్చింది.

డాక్టరమ్మ చూసింది. అవునన్నది. మార్చిల అట.

బయటికొచ్చి చీటీ ఆయన చేతుల పెట్టిన. నేను చెప్పకముందే నా మొకం చూసి ఆయనకు తెలిసింది. చీటీని అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు. ఒక లైను ఖాళీగ ఉన్నది. జేబుల పెన్ను తీసిండు, చీటీని చెట్టు బెరడుకు ఆనిచ్చి, పరీక్ష రాసే పిల్లగాని లెక్క నాలుక బయటపెట్టి రాసిండు.

ఇంటికొచ్చి బువ్వ మెతుకుతోని ఈ పేజీకి అంటించిన.

పేరు: రాజమణి
భర్త: ప్రహ్లాద్
టోకెన్: 17

రెండో లైను నేను రాయలే.